బొజ్జయ్య తాత ఒకే ఒక్క ఫొటో

"యాడుందమ్మా నా ఫొటో? చూసి పోత. మూడు గంటల బస్సు దొరకాలె," అంటూ బొజ్జయ్య తాత తడిసిన తువ్వాలు దులిపి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు.

మహిమ గడియారం వైపు చూసింది. తాత ఒక్కడే వస్తే ఏదో ఒకటి చెప్పి పంపేది. వెనకాల మనవడు కన్నారావు కూడా ఉన్నాడు. వానలో తడిసిన జుట్టును చేత్తో వెనక్కి తోసుకుంటూ ఆమెనే చూస్తున్నాడు.

"లోపలుంది తాతా, ఐదు నిమిషాలు," అనేసి గబగబా లోపలి గదిలోకి వచ్చి పడింది.

ఐదు నిమిషాలా? ఆ కంప్యూటర్ పొద్దున్నుంచి మొండికేసి కూర్చుంది! బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, బీప్ బీప్‌మని అరుస్తుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే చూడకుండానే "ఫార్మాట్ కొట్టాలె" అన్నాడు. అంటే లోపలున్నదంతా తుడిచిపెట్టడం. చాల్లే నీ వైద్యం అని ఫోన్ పెట్టేసింది.

మహిమ వాళ్ళ నాన్న ఇన్నయ్య ఖమ్మం ఖానాపురం హవేలిలో పేరున్న పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. ఆయనకు మోకాళ్ళు పట్టేశాక కెమెరా కూతురి చేతికొచ్చింది. నెల కిందట దమ్మపేట అవతల, అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లో కన్నారావు చెల్లెలి పెళ్లి మూడు రోజులూ ఆమే తీసింది. మొదటి రోజే గొడవ.

"ఓ సారూ, ప్రతి ఫొటోల మీ వీపే పడుతుంది. జర పక్కకు జరుగుండ్రి!"

"పెండ్లికూతురి అన్న వీపు మేడం. పడనియ్యుండ్రి, అదిగూడ పెండ్లికే వచ్చింది."

ఆ పెళ్లిలోనే బొజ్జయ్య తాత జీవితంలో మొదటిసారి ఇష్టపడి ఫొటోకు కూర్చున్నాడు. ఆధార్ కార్డులో తన మొహం చూసుకున్న రోజు నుంచి ఆయనకు కెమెరా అంటే ఒళ్ళుమంట. "కోళ్లు ఎత్తుకపోయినోని లెక్క తీసిండ్రు నన్ను," అనేవాడు. మనవరాలు ఏడ్చి బతిమాలితే ఒప్పుకున్నాడు. "ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇదిగూడ గట్లనే వస్తే, నేను సచ్చినంక గూడ ఫొటో పెట్టొద్దు," అని ఊరందరి ముందూ ఒట్టేశాడు.

కెమెరాలోని కార్డును పెనుబల్లి ఫంక్షన్ కోసం ఖాళీ చేసేసింది మహిమ. ఇప్పుడు ఆ ఫొటో ఉన్నది ఈ కంప్యూటర్లో ఒక్కదాంట్లోనే.

ఇంకో సంగతి కూడా ఉంది. 'వేస్ట్' అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో నలభై ఒక్క ఫొటోలున్నాయి. అన్నీ కన్నారావువే! ఇది తెరుచుకోకపోతే తాత ఫొటో పోతుంది. తెరుచుకుంటే తన పరువు పోతుంది. దేవుడా, ఏది అడగాలి నిన్ను?

"ఏంది మేడం, ఐదు నిమిషాలైంది," కన్నారావు తలుపు దగ్గర నిలబడ్డాడు. మూత విప్పి ఉన్న కంప్యూటర్‌ను చూసి అతని నవ్వు ఆగిపోయింది. "ఖరాబైందా?"

"రాత్రి గాలికి కొమ్మ విరిగి కరెంటు పోయింది. పొద్దున చూస్తే గిట్లుంది. మీరు కరెంటోళ్లే గద, జర చెప్పుండ్రి మీ కరెంటుకు!"

కన్నారావు దమ్మపేట దగ్గర జూనియర్ లైన్‌మన్. "నాది దమ్మపేట ఏరియా. ఖమ్మం కొమ్మలతోని నాకు సంబంధం లేదు," అంటూనే లోపలికొచ్చి కింద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. తాత ఫొటో పోయిందా?"

'మేడం' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరూ గమనించలేదు.

"తెల్వదు," అంది మహిమ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏడ్చే టైం లేదు. ఆ టార్చి పట్టు."

బీప్ అరుపులకు కారణం ర్యామ్ అయి ఉండాలి. వానాకాలం చెమ్మకు దాని అంచులు నల్లబడతాయి. ఆ సన్నటి పచ్చ పట్టీని బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో అంచంతా రుద్ది, టక్‌మని చప్పుడయ్యేదాకా మళ్లీ నొక్కింది. బటన్ వేసింది.

బీప్ లేదు. తెర వెలిగింది!

"వచ్చింది, వచ్చింది!" అన్నాడు కన్నారావు.

వచ్చింది గానీ, మొదలవడానికి డిస్క్ ఏదీ దొరకలేదని తెల్లటి అక్షరాలు పడి అక్కడే ఆగిపోయింది. ఫొటోలున్న డిస్కే పోయిందా? హాల్లోంచి తాత గొంతు వినిపించింది. "ఒరేయ్ కన్నా, రెండు దాటింది. దాస్తున్నరా ఏంది? ఇదిగూడ గట్లనే వచ్చిందా?"

"లేదు తాతా, వస్తున్నం!"

మహిమ సెట్టింగుల తెర తెరిచింది. కన్నారావు ముందుకు వంగాడు. "ఇదేంది, మీ ఇంట్ల ఇంకా రెండువేల పన్నెండే నడుస్తుందా? జనవరి ఒకటంట."

మహిమ నెత్తి కొట్టుకుంది. "సెల్ అయిపోయింది! లోపల గుండీ అంత సెల్ ఉంటది. అది అయిపోయినంక కరెంటు పోతే, తారీఖు మర్చిపోతది, ఏ డిస్క్‌తోని లేవాల్నో గూడ మర్చిపోతది." జాబితాలో వెతికింది. హార్డ్ డిస్క్ పేరు అడుగున కనిపించింది. బతికే ఉంది! "పిచ్చిది, ముందు వేరేదాంట్ల వెతుకుతుంది. వెనకాల ఏమన్నా గుచ్చి ఉందా చూడు!"

కన్నారావు బల్ల కిందికి దూరి, తల ఠంగున కొట్టుకుని, ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని బయటికొచ్చాడు. ఇన్నయ్య క్రైస్తవ కీర్తనలు వేసుకున్న పెన్‌డ్రైవ్ అది. మహిమ హార్డ్ డిస్క్‌ను జాబితాలో పైకి తెచ్చి మళ్లీ స్టార్ట్ చేసింది. ఆమె చెయ్యి అతని మోచేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

కంప్యూటర్ లేచింది.

పెళ్లి ఫోల్డర్ తెరిచి తాత ఫొటో చూసేసరికి ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. ఎర్రటి కళ్ళు, బిగించిన దవడలు. అచ్చం ఆధార్ కార్డే.

"ఇదొక్కటేనా?" అడిగాడు కన్నారావు. "ఇంకోటి లేదా మహిమా?"

ఉంది. ఎక్కడుందో ఆమెకు తెలుసు. "నువ్వు జర బయటికి పో."

"నేను పోతే తాత లోపలికొస్తడు."

తాత అప్పటికే వచ్చేశాడు, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల ఇన్నయ్య. ఆ ముసలాయన కళ్ళల్లో కోపం లేదు, భయం ఉంది. అది చూశాక మహిమ ఇంక ఆలోచించలేదు. సిగ్గు సంగతి తర్వాత చూసుకుందామనుకుని 'వేస్ట్' తెరిచింది.

నలభై ఒక్క కన్నారావులు తెర నిండా పరుచుకున్నారు. అసలు కన్నారావు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మహిమ చెవులు కాలిపోతుండగా ఒక ఫొటో పెద్దది చేసింది. మనవడు చెవిలో ఏదో చెప్పినట్టున్నాడు, బొజ్జయ్య తాత బోసినోరంతా తెరిచి, కళ్ళు మూసుకుపోయేలా నవ్వుతున్నాడు. పక్కన కన్నారావు మాత్రం తాతను చూడటం లేదు. కెమెరా వైపు, దాన్ని పట్టుకున్న మనిషి వైపు చూస్తున్నాడు.

తాత దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు.

"ఇది నేనే," అన్నాడు మెల్లగా. "మా అయ్య గిట్లనే నవ్వేటోడు." కళ్ళు తుడుచుకుని, మిగతా నలభై వైపు తిరిగాడు. "మావోన్ని గూడ మంచిగ తీసినవు. ఎంతసేపు చూస్తే గింత మంచిగొస్తది బిడ్డా?"

మహిమ తండ్రి వైపు చూసింది. అబద్ధం నోటికి రాలేదు.

"మూడు దినాలు చూసిన తాతా. ఇంకా సరిపోలే."

"మహిమ వాట్సాప్‌ల పంపుతనన్నది తాతా," కన్నారావు నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఫోన్ల సక్కగ కనవడదని నేనే నీకు అబద్ధం చెప్పి, రెండు బస్సులు మార్చి తీసుకొచ్చిన. మహిమను ఒక్కసారి చూసి పోదామని."

తాత నెమ్మదిగా ఇన్నయ్య వైపు తిరిగాడు. "నువ్వేమంటవు ఇన్నయ్యా?"

ఇన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని తెర ముందు వంగాడు. తాతను కాదు, తాత పక్కనున్న కుర్రాడి చూపును చూశాడు.

"ముప్పై ఏండ్లు పెండ్లి ఫొటోలు తీసిన," అన్నాడు ఇన్నయ్య. "పెండ్లికూతురి దిక్కు పెండ్లికొడుకు గిట్ల చూసింది నాలుగైదు పెండ్లిళ్లల్లనే."