తోడు వెళ్లినవారి ఖర్చు

మా టెక్సాస్ పత్తి నేలలో, నేను పొగమీద కాల్చిన గొడ్డుమాంసాన్ని పళ్లెంలో వదిలేసి లేచిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఒకసారి ఆ వాసనకి గూడ్సు రైలు మా పెరటి వెనక ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి, మారు వడ్డించుకుని తిన్నాక గానీ కదల్లేదు.

ఆ ఆదివారం పొద్దున కూడా ఎప్పటిలాగే పొయ్యి రాజేశాను. ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి అయ్యాక నా కూతురు క్లీటా తన తమ్ముడు డోయల్ ఇంటికి, అంటే నేనుండే చోటికి, వస్తుంది. తను లెక్కల ఆఫీసులో పనిచేస్తుంది. భోజనాలయ్యాక అదే బల్లమీద మా అందరి ఆదాయపు పన్ను కాగితాలూ రాసిపెడుతుంది. మంచి పిల్లే గానీ, దాని చెవిన పడ్డ మాట సాయంత్రానికి ఊరు దాటుతుంది.

కోడలు మర్లీన్ వంటింట్లో మొక్కజొన్న రొట్టె కాలుస్తోంది. పోయిన నవంబరులో డాలస్‌లో చెల్లెలి దగ్గర ఉండి, పిత్తాశయంలో రాళ్లు తీయించుకున్నానంది. అప్పటినుంచీ చిక్కిపోతోంది. నడక వల్ల తగ్గానంటే నమ్మాం.

వంటింటి కిటికీ బయట నేనున్నానని మొగుడూ పెళ్లాలకి తెలియదు.

"ఆ బిల్లులు మీ అక్కకి ఇవ్వకు డోయల్, నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకివ్వకూడదు? పడవ అమ్మి కట్టాం కదా. పన్ను కొంత తగ్గితే కప్పు బాగు చేయించుకోవచ్చు. వానొస్తే గిన్నెలు పెట్టుకుంటున్నాం."

"చర్చి విందులో నా కింద కుర్చీ విరిగినప్పుడు నవ్విన నోళ్లే ఇప్పుడు 'ఎంత పట్టుదల మర్లీన్ నీది' అంటున్నాయి. నా బతుకులో ఆ ఒక్క మాటైనా మిగలనివ్వు."

డోయల్ బూట్ల చప్పుడు వంటింట్లోంచి బయటికి వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర మర్లీన్ పిచ్చుకలా రెండు ముక్కలు కొరికి, ఫోర్కు కింద పెట్టేసింది.

"రుచిగా లేదా అమ్మాయ్?"

"చాలా బాగుంది మామయ్యా. కడుపు నిండిపోయింది."

నా గొప్ప అక్కడితో సరి. చెప్పేదేదో పూర్తిగా చెప్తాను, ఆ రైలు ఆగింది కూడా పట్టా విరిగి.

బల్ల తుడిచి కాఫీ, పెకాన్ గింజల తీపి రొట్టె పెట్టగానే క్లీటా కళ్లజోడు పెట్టుకుంది. డోయల్ పెళ్లాం వంక చూడకుండా ఒక కవరు ముందుకు తోశాడు.

"టిహువానా? మెక్సికోలోనా?" క్లీటా గొంతు లేచింది. "మర్లీన్! ఒళ్లు తగ్గే ఆపరేషనా? మరి రాళ్లో?"

"రాళ్లూ లేవు, ఏమీ లేవు వదినా."

క్లీటా సర్దుకుని ఆఫీసు గొంతులోకి మారింది. "సరే. పరాయి దేశంలో చేయించుకున్నా చూపించొచ్చు. కాకపోతే అందం కోసం కాదు, జబ్బుకోసమని డాక్టరు రాసి ఉండాలి."

"మన డాక్టరు రాశాడు. షుగరు, మోకాళ్లు, గుండె దడ, అన్నీ. నేను మొత్తం ఒక జబ్బునే. రాసుకో."

"అయ్యో, నా ఉద్దేశం అది కాదే..."

"అక్క అడిగిందానికి చెప్పు, అంతే," అన్నాడు డోయల్.

"చెప్తున్నాగా! చెప్పించేదాకా ఊరుకున్నావా నువ్వు?"

క్లీటా తల కాగితాల్లో దాచుకుంది. "విమానం టికెట్టు రాయొచ్చు. పేషెంటుకి సాయం అవసరమైతే తోడు వెళ్లినవాళ్ల ఖర్చు కూడా. నువ్వేగా వెళ్లింది తమ్ముడూ?"

డోయల్ టేబుల్‌క్లాత్ అంచు మడిచాడు. "పత్తి రోజులు కదక్కా. జిన్నింగు మిల్లు రాత్రీ పగలూ నడిచే కాలం."

"మరి డాలస్‌లో నీ చెల్లెలు, మర్లీన్?"

"దానికీ చెప్పలేదు," అంది మర్లీన్.

"ఒక్కదానివే వెళ్లావా?"

"ఆస్పత్రి వ్యాను వచ్చింది. డ్రైవరు మంచివాడు, సంచి మోసిపెట్టాడు. మత్తు దిగాక నర్సు ఏదో అడిగింది. నాకా భాష రాదు. ఏమడిగినా అవునన్నాను."

డోయల్ నెమ్మదిగా అన్నాడు. "ఫోను చేస్తే బాగానే ఉన్నానన్నావు."

"బాగున్నావా అని అడిగావు. అంతకంటే ఏమీ అడగలేదు నువ్వు."

క్లీటా మళ్లీ మళ్లీ కూడింది. చివరికి పెన్ను పక్కన పెట్టింది. "ఇదంతా కలిపినా, అడక్కుండానే ప్రభుత్వం అందరికీ ఇచ్చే మినహాయింపు కంటే తక్కువే. చూపించినా ఒక్క డాలరు తగ్గదు."

"అంటే?" అన్నాడు డోయల్.

"అంటే... ఈ కాగితాలు బయటికి తియ్యాల్సిన పనే లేదు."

మర్లీన్ నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఆ నవ్వు విరిగి ఏడుపయింది. నా కొడుకు లేవబోయి, లేచి ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. కప్పునైతే ఎక్కి బాగుచేయగలడు.

అప్పుడు క్లీటా మర్లీన్ చెయ్యి పట్టుకుని, "నాకు చెప్పి ఉంటే నేనొచ్చేదాన్ని కదే, పిచ్చిదానా" అంది.

డోయల్ తన పళ్లెంలోని తీపి రొట్టె తీసుకుని చిన్న చిన్న ముక్కలు చేశాడు, ఆమె తినే పరిమాణంలో. ఒకటి ఆమె ముందు పెట్టాడు, ఒకటి తను నోట్లో వేసుకున్నాడు. ఆమె నమిలినంతసేపూ తనూ నమిలాడు. మళ్లీ ఒకటి. కాఫీ చల్లారిపోయింది. ఎవరూ లేవలేదు. క్లీటా ఆ కవరు ఏ ఫైల్లోనూ పెట్టకుండా మర్లీన్ చేతికే ఇచ్చింది. ఆ తర్వాత చర్చిలో ఎవరి నోటా ఆ ఊసు నేను వినలేదు.

ఇందులో ఒకటి మాత్రం నా కల్పన. నేనొచ్చేదాన్ని కదే అని క్లీటా అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది, అంతే. ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు అనవలసిన మాట అది. ఎవరూ అనకపోయేసరికి, ఉండబట్టలేక, ఇప్పుడు నేను దాని నోట పెట్టాను.