క్యూ.జె.వి. అన్న మూడక్షరాలు

గాలిబండిలో కూర్చుని గమ్యం చెప్పబోయిన హైమవతి ఆగిపోయింది. జల్లివలసకు ఇప్పుడు అక్షరాలు లేవు. తీసేసింది తనే. పక్క ఊరి అక్షరాలు చెప్పి, అక్కడ దిగి, రెండు గంటలు కొండ దారిన నడిచింది.

ఊరూరా గాలిబండ్లకు దిగుతిన్నెలు వచ్చిన కాలమది. గాలిబండికి ఊరి పేరు తెలియదు. పూర్వం విమానాశ్రయాలకు ఇచ్చినట్టే ప్రతి తిన్నెకూ మూడు ఇంగ్లీషు అక్షరాల ‘త్రయాక్షరి’ ఇచ్చారు. మొదట్లో పేరులోని అక్షరాలే దొరికేవి. తర్వాత మిగిలినవేవో అంటగట్టారు. పదిహేడు వేల చిల్లర కూర్పులూ అయిపోయాక, ఏడాదిపాటు బండి దిగని తిన్నె నుంచి త్రయాక్షరి వెనక్కి తీసుకోవాలని నిబంధన పెట్టారు. విశాఖ కార్యాలయంలో ఆ సంతకం హైమవతిది.

జల్లివలసలో ఆ ఏడాది ఎవరికీ పెద్ద జబ్బు చేయలేదు. బండి దిగలేదు. ఊరి త్రయాక్షరి క్యూ.జె.వి. సముద్రపుటొడ్డున కొత్త విహారశాలకు వెళ్లింది. పదహారో రోజున కొర్రా సోమన్నను పాము కరిచింది. ఆరోగ్య కార్యకర్త చిలకమ్మ పిలిచిన వైద్యబండి విహారశాల ఇసుకలో దిగింది. దాన్ని మళ్లించేలోగా సోమన్న పోయాడు.

విచారణలో ఎవరి తప్పూ లేదని తేలింది. ఊరికి ఇంగ్లీషులో నోటీసు పంపినట్టు రుజువుంది.

సానుభూతి చెప్పి వెళ్లిపోదామనే హైమవతి వచ్చింది. చిలకమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి తనే మొదలుపెట్టింది.

“తప్పు నాదే మేడమ్. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. కంగారులో ‘జె’ అనబోయి ‘జి’ అన్నానేమో. పడుకున్నా అదే ఆలోచన.”

హైమవతి తల దించుకుంది.

“మీ పిలుపు రికార్డింగు నేను విన్నానమ్మా, చాలాసార్లు. సరిగ్గానే చెప్పారు. ఆ అక్షరాలు మీ ఊరికి లేకుండా చేసింది నేను.”

చిలకమ్మ లేచింది. చెప్పులు వేసుకుంది.

“సోమన్న పెళ్లాం నా ముఖం చూడటం లేదు. పాపకు టీకా వేద్దామని వెళ్తే తలుపేసుకుంది. ఆ మాట అక్కడికొచ్చి చెప్పండి.”

సోమన్న భార్య రాధమ్మ గుమ్మంలో రాగులు చెరుగుతోంది. హైమవతి నిలబడే తన పేరు, ఉద్యోగం, చేసిన పని చెప్పింది. నిబంధన సంగతి ఎత్తలేదు.

రాధమ్మ చేట కింద పెట్టింది. హైమవతిని దాటి వచ్చి చిలకమ్మ చెయ్యి పట్టుకుంది.

“అందరి ముందూ నిన్నెన్ని మాటలన్నాను అక్కా.”

ఇద్దరూ ఏడుస్తూ లోపలికి వెళ్లారు. హైమవతిని ఎవరూ కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆమె వాకిట్లోనే నిలబడిపోయింది.