ఏడుసార్లు నొక్కిన బటన్

“మీ పేజీ నా ఆవుని మింగేసింది!”

పశువుల ఆసుపత్రి కౌంటరులో కూర్చునే అమ్మాయి అతనితో అన్న మొదటి మాట అది. ఆసుపత్రికి వెబ్‌సైట్ చేసి పెట్టినవాడు అతనే.

“ఆవు వివరాలు తొమ్మిది గడుల్లో నింపి ‘పంపు’ నొక్కుతానా, పేజీ మొత్తం తెల్లబోతుంది. ఫోన్ నంబరులో ఒక్క అంకె తగ్గినా తొమ్మిదీ ఖాళీ! బయట ఆ ఆవు చూడండి, నిలబడలేక నన్ను గుడ్లురిమి చూస్తోంది.”

“మారుస్తాను.”

“ఇంకో మాట మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?”

అతను కుర్చీ లాక్కుని పేజీ తెరిచాడు. ఆ పూటే ఆమె అతనికి ‘మూగనోము గారు’ అని పేరు పెట్టేసింది.

మూడు వారాలు ఆ కౌంటరు పక్కనే కుర్చీ వేసుకుని పని చేశాడు. మాట్లాడలేదు గానీ అన్నీ చూశాడు. ఏ మేక వచ్చినా ఆమె ‘ఇతర వివరాలు’ గడిలో, ఎవరూ అడగకపోయినా, ‘ఎడమ చెవి మీద తెల్ల మచ్చ, ముద్దుగా ఉంది’ అని రాస్తుంది. వాన పడితే లేచి వెళ్లి ముసలి కుక్కల్ని లోపలికి జరుపుతుంది. లోపల కాంపౌండరుగా ఉన్న తండ్రికి మధ్యాహ్నం మాత్ర గుర్తు చేస్తుంది.

శుక్రవారం పని పూర్తయింది.

“ఇక పేజీ కదలదు, నింపినవి చెరిగిపోవు. వివరాలు మాత్రం వెనక దారిన సర్వర్‌కి వెళ్తాయి. రేపు ఉత్తుత్తి ఎంట్రీ ఒకటి పంపండి. నేను ఆఫీసులో చూస్తాను.”

“అబ్బో! నాలుగు వాక్యాలే!” అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

సోమవారం హుషారుగా వచ్చాడు. ఆమె తలెత్తలేదు.

“శనివారం పంపినవి చూశాను!” అన్నాడు.

ఆమె చేతిలో పెన్ను ఆగింది. “చూశారా?”

“చూశాను. చక్కగా చేరాయి.”

“అంతేనా? ఇంకేం చెప్పేది లేదా?”

“లేదే.”

ఆమె ముఖం వాడిపోయింది. “మంచిది. నాలుగింటికి మా నాన్న సంబంధం వాళ్లకి ఫోన్ చేసి మాట ఇచ్చేస్తున్నారు. మీరూ దీవించండి.”

అతను తల తిప్పి చూశాడు. గడియారం మూడూ నలభై. గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగాడు. నిజానికి శనివారం అతను చూసింది అంకె ఒక్కటే. కొత్త ఎంట్రీలు: ఏడు. పని చేస్తోందన్న సంబరంలో తెరవకుండానే మూసేశాడు.

ఒక్కటే కదా పంపమన్నది, ఏడేమిటి?

తెరిచాడు. ఏడూ ఒకటే.

జీవి: మనిషి. వయసు: ఇరవై అయిదు. బాధ: మూగనోము గారి మీద ఇష్టం. ఇతర వివరాలు: సోమవారం నాలుగింటిలోపు ఆయన నోరు విప్పితే నయమవుతుంది.

అప్పుడు తెలిసింది తన తప్పు. వివరాలు వెళ్లే దారి వేశాడు గానీ, చేరాయని పేజీ మీద చెప్పే కోడ్ వరుస రాయడం మరిచాడు. పాపం, ఉలుకూ పలుకూ లేని ఆ బటన్‌ని ఆమె ఏడుసార్లు నొక్కింది!

గబగబా ఆ వరుస రాశాడు. మూడూ యాభై ఏడు.

“ఒక్కసారి ‘పంపు’ నొక్కండి.”

“నాకు పనుంది.”

“బతిమాలుతున్నాను. ఒక్కసారి.”

విసుగ్గా నొక్కింది. పేజీ కదలలేదు. బటన్ కింద పచ్చటి అక్షరాలు మెరిశాయి:

‘చేరింది. చదవడమే ఆలస్యమైంది. నాకూ ఇష్టమే, ఆవుని మింగిన రోజు నుంచీ.’

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి చూస్తూ, “నోటితో చెప్పండి,” అంది.

అతను లేచి నిలబడ్డాడు. “మీరంటే నాకు ఇష్టం!” ఎన్నేళ్లుగానో దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది. వరండాలో కుక్కలన్నీ మొరిగాయి.

ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కాంపౌండరు కళ్లజోడు సర్దుకున్నాడు. “నాలుగైంది. ఏమ్మా, వాళ్లకేం చెప్పమంటావు?”

“వద్దని చెప్పు నాన్నా. ముందా పచ్చ అక్షరాలు తీసేయించు, ఆవులవాళ్లందరూ చదువుతారు!”

ఆయన అతన్ని ఎగాదిగా చూసి కాగితం చేతికిచ్చాడు. “మీ ఇంట్లో పెద్దవాళ్ల నంబరు రాయి బాబూ.”

రాశాడు. ఆమె తొంగి చూసి పకపకా నవ్వింది.

“ఒక అంకె తగ్గింది!”

ఈసారి రాసినవి చెరిగిపోలేదు. ఆమే పెన్ను అందుకుని, అతని ముఖంలోకి చూస్తూ అడిగింది. “చెప్పండి. ఆ పదో అంకె ఏమిటి?”