అతుక్కోని కాలు

"ఏదో వంతెన కింద బాంబు పెట్టేశారు. ఏ వంతెనో తెలీదు. పేల్చే రిమోట్ చెడిపోయిందట, మెకానిక్ కోసం వెతుకుతున్నారు. ఆ మెకానిక్‌వి నువ్వే," అన్నాడు చీఫ్. "ఈ సోల్డరింగ్ ఐరన్ పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆన్ చెయ్యి, వచ్చేస్తాం. అందాకా రిమోట్ పనిచేయకూడదు."

ఇప్పుడు ఏజెంట్ 'సూది', పెట్టుడు గడ్డం తగిలించుకుని, ఓ గోడౌన్‌లో కూర్చున్నాడు. వస్తూనే ట్రాన్స్‌మిటర్ ఆన్ చేశాడు. ఇంకా ఎవరి జాడా లేదు. మైక్రోస్కోప్ కింద చిటికెనవేలి గోరంత రిమోట్ చిప్, దాని చుట్టూ వెంట్రుకల్లాంటి కాళ్లు. కిటికీ దగ్గర విదేశీ ముఠా బాస్. పక్కన ముఠాలో అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, ఎర్ర లిప్‌స్టిక్, చేతిలో పిస్టల్.

"త్వరగా కానీయ్! మధ్యాహ్నం ప్యాసింజర్ ఈ ఎదుటి వంతెన ఎక్కబోతోంది," అన్నాడు బాస్.

ఆ బండి నడిపేది సూదిని చంకనెత్తుకుని పెంచిన సొంత అక్క!

చెయ్యి వణికితే అంతే సంగతులు. ఊపిరి బిగబట్టి, అతుకు బాగా పట్టేందుకు ఫ్లక్స్ రాశాడు. ఐరన్ మొనతో కరిగిన సీసాన్ని కాళ్ల మీదుగా వరసగా లాగాడు. కాళ్లన్నీ తళతళలాడుతూ అతుక్కున్నాయి. చివరి కాలు దగ్గర మాత్రం ఐరన్ కాస్త ఎత్తేశాడు. అది బుద్ధిగా బోర్డు మీద కూర్చుందే గానీ అతుక్కోలేదు. కరెంటు రావాల్సింది దాని గుండానే.

బాస్ మల్టీమీటర్ పెట్టి చూశాడు. బీప్ లేదు. "షార్ట్ లేదు, శభాష్!" కాళ్లు ఒకదానికొకటి అంటుకున్నాయా అనే చూశాడు మహానుభావుడు. బోర్డుకి అంటుకున్నాయో లేదో చూడాలని తట్టలేదు.

"ఆగండి," అంటూ మేడమ్ ట్వీజర్స్ అందుకుంది. ఒక్కో కాలినీ మొనతో నెట్టి చూస్తోంది. ఓరి దేవుడో, ఈవిడకి పని తెలుసు! చివరి కాలు కదిలింది. ఆమె తలెత్తి సూది కళ్లలోకి చూసింది.

"అన్నీ గట్టిగా ఉన్నాయి," అంది మేడమ్.

రైలు కూత. బాస్ బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. రైలు దర్జాగా వంతెన దాటిపోయింది. "ఒరేయ్!" అంటూ సూది మీదికి తిరిగేసరికి మేడమ్ పిస్టల్ బాస్ మెడకి ఆనింది. తలుపు బద్దలుకొట్టుకుని చీఫ్ మనుషులు వచ్చిపడ్డారు.

"మీరూ మావాళ్లేనా?" అన్నాడు సూది.

"నీకంటే ముందు నుంచీ. ఏ వంతెనో మాత్రం నాకూ ఇవాళే తెలిసింది. కాలు కదిలినప్పుడు మాత్రం, నిజంగానే చేతకాని మెకానిక్‌ని పంపారనుకున్నా."

సాయంత్రం అక్క ఫోను. "బండి దిగానురా. అది సరే, నా రేడియో బాగుచేయమని ఇచ్చి ఎన్నాళ్లయింది? ఒక్క పనీ సరిగ్గా చెయ్యవు కదా నువ్వు!"

"అవునక్కా," అన్నాడు సూది కళ్లు తుడుచుకుంటూ. "ఇవాళ అస్సలు చెయ్యలేదు."