నానమ్మ కొమ్మల కత్తెర

కొమ్మ తెగలేదు, నలిగింది. నానమ్మ కత్తెరను మళ్లీ నొక్కింది. ఈసారి తొక్క చీలి పీచులా వేలాడింది.

“ఇదేం విడ్డూరం?” అంది నానమ్మ.

రేపు పొద్దున మేస్త్రీ వస్తాడు. పెరటి గోడ పడగొట్టి కొత్తది కడతాడు. గోడను ఆనుకుని ఉన్న గులాబీ చెట్టును తీసేయక తప్పదు. నానమ్మ ఈ ఇంటికి వచ్చిన ఏడాది నాటిన చెట్టది. వేళ్లు గోడ కిందికి పాకాయి, పెకలిస్తే బతకదు. కొమ్మలు కత్తిరించి కుండీల్లో గుచ్చితేనే మళ్లీ ఆ పువ్వును చూసేది. అయితే కోత నున్నగా ఉండాలి. నలిగిన కొమ్మ వేరు పట్టదు, కుళ్లిపోతుంది.

పక్కన కుండీల్లో మట్టి నింపుతున్న మనవరాలికి పదేళ్లు. ఏ పనైనా క్షణాల్లో తేల్చేస్తుందని ఇంట్లో అందరూ ఆమెను ‘చిటపట’ అంటారు. ఇప్పుడు మాత్రం చిటపట కత్తెర వైపు చూడకుండా, నిండిన కుండీలోనే మట్టిని మళ్లీ మళ్లీ అదుముతోంది.

నిన్న చిక్కుడు పాదుకు పందిరి కడుతుంటే ఇనుప తీగ కత్తిరించాల్సి వచ్చింది. కటింగ్ ప్లేయర్ అటక మీది పెట్టెలో ఉంది. స్టూలు ఎవరు జరుపుతారు, పైకి ఎవరు ఎక్కుతారు? చేతికి అందిన కొమ్మల కత్తెరతోనే తీగను పటుక్కున కోసేసింది. కత్తెర అంచులో చిన్న గంటు పడింది. ‘ఇంతేగా’ అనుకుని దాన్ని కొక్కేనికి తగిలించేసింది.

నానమ్మ మరో కొమ్మ పట్టుకుంది. అదీ నలిగింది. ఆవిడ కత్తెర ఒళ్లో పెట్టుకుని, వేళ్లు చాచి చూసుకుంది.

“అయిపోయిందే తల్లీ, చేతుల్లో పస పోయింది. పచ్చి కొమ్మ కూడా తెంచలేకపోతున్నా. ఇక మొక్కల పని మీ నాన్నే చూసుకోవాలి.”

చిటపటకు ఏడుపు తన్నుకొచ్చింది. తిట్లు తినడం తనకు కొత్తేం కాదు. కానీ నానమ్మ తన చేతుల్ని అలా చూసుకోవడం భరించలేకపోయింది.

“నీ చేతులు బాగానే ఉన్నాయి నానమ్మా. నేనే... దాంతో ఇనుప తీగ కోశాను.”

నానమ్మ కత్తెరను వెలుతురుకు పట్టి గంటు చూసింది.

“ఓసి నీ దుంపతెగ. ఇది పచ్చి కొమ్మలు కోసేందుకే, ఇనుము కొరకడానికి కాదు. ఇందాకట్నుంచీ నా చేతుల్ని తిట్టుకుంటున్నానే.”

ఆవిడ గొంతులో కోపం ఉంది. అంతకంటే ఎక్కువ ఊరట ఉంది.

“పో, సానరాయి తడిపి తీసుకురా. అంచు వాలు ఎటుంటే అటే రుద్దు. ముందుకూ వెనక్కీ గీకావంటే ఉన్న పదునూ పోతుంది.”

చిటపట చెయ్యి లాగేదాకా రుద్దింది. “చాలా నానమ్మా?” అని అడిగింది.

“నన్నడిగితే ఏం లాభం, కొమ్మనడుగు.”

గంటు పూర్తిగా పోలేదు గానీ, దానికి ఇవతల అంచు పదునెక్కింది. నానమ్మ అక్కడ కొమ్మను ఇరికించి నొక్కింది. కొమ్మ ఏటవాలుగా, నున్నగా తెగింది. నానమ్మ నవ్వుకుంటూ ఇంకో కొమ్మ అందుకుంది.

సాయంత్రానికి కుండీలన్నిటిలో కొమ్మలు నిలబడ్డాయి. చిటపట కత్తెర తుడుస్తుండగా నాన్న వచ్చాడు.

“అదిలా ఇవ్వమ్మా. గోడకున్న ఇనుప తీగ ముడి ఊడి రావట్లేదు. ఒక్కసారి కోసి ఇచ్చేస్తా.”

“ఒక్కసారికైనా సరే, ఇది ఇవ్వను నాన్నా.”

చిటపట కత్తెరను నానమ్మ చేతిలో పెట్టింది. స్టూలు జరుపుకుంటూ అటక కిందికి వెళ్లింది.