ఖాళీ పళ్ళెం

ఉదయం ఏడింటికి కాటాల మేస్త్రి ఇనుప తూకం రాళ్ళను గుడ్డతో తుడుస్తున్నాడు. దుకాణాల్లో కాటాలు బాగుచేయడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా ఏ కొట్టువాడి మాటా నమ్మలేదు. ముందు పళ్ళెం ఖాళీ చేయించి సున్నా చూస్తాడు. తర్వాత తన సంచీలోని రాయి పెట్టి చూస్తాడు. అలాంటి మనిషి ఒక రంగు కాగితాన్ని నమ్మి కూర్చున్నాడు.

ఆ కాగితం ఊరి చివర అద్దాల కాలేజీది. కంప్యూటర్ సైన్స్, నాలుగేళ్ళు, పదహారు లక్షలు. చదివినవాళ్ళ సగటు జీతం నెలకు అరవై వేలని బంగారు రంగులో అచ్చేశారు. సగటు అనే మాటంత తియ్యని మోసం ఇంకొకటి లేదు. పదకొండింటికి బ్యాంకులో అప్పు సంతకం. పూచీ ఆయన సొంత రిపేరు దుకాణం.

"చొక్కా ఇస్త్రీ చేశావా?" అన్నాడు భార్యతో.

ఆమె బస్సు కండక్టరు. యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ అంది: "చేశాను. దుకాణం పోగొట్టుకునేటప్పుడైనా నలగని చొక్కా ఉండాలిగా."

"పొద్దున్నే ఆ మాటలేంటే?"

అప్పుడే కూతురు చిట్టి నోటుపుస్తకంతో వచ్చి తండ్రికి ఎదురుగా నేలమీద కూర్చుంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"నాన్నా, సంతకం పెట్టొద్దు."

"ఏమ్మా, ఏడాదిగా కంప్యూటర్లు కంప్యూటర్లని కలవరించావు. ఇప్పుడు వద్దా?"

"చదువు కావాలి. ఆ కాలేజీ వద్దు. నీ పద్ధతిలోనే చూశాను. అక్కడ పోయినేడు బయటికొచ్చిన నలభై మందిని అడిగాను. కొందరు అమ్మ బస్సులో దొరికారు, మిగతావాళ్ళ నంబర్లు వాళ్ళే ఇచ్చారు. పదకొండు మందికి అసలు ఉద్యోగమే లేదు. వాళ్ళని తీసేసి సగటు కట్టారు. ఇంకో నలుగురికి పెద్ద పెద్ద జీతాలు, సగటుని వాళ్ళే పైకి లాగారు. అందర్నీ వరసలో నిలబెట్టి మధ్యవాణ్ణి చూస్తే ముప్ఫై వేలు."

"ముప్ఫై తక్కువా?"

"అప్పు వాయిదా నెలకి ఇరవై ఎనిమిది. ఏడేళ్ళు. చేతిలో మిగిలేది రెండు వేలు నాన్నా. పాత సర్కారు కాలేజీలో అదే డిగ్రీ నాలుగు లక్షలు. అక్కడివాళ్ళనీ అడిగాను, మధ్యవాడికి ఇరవై ఎనిమిది వేలు వస్తోంది, వాయిదా ఏడు వేలు. ఇరవై ఒకటి మిగులుతుంది."

మేస్త్రి మొహం కందిపోయింది. "తల్లీకూతుళ్ళిద్దరూ నా వెనక ఇంత నడిపారా?"

"నీ వెనక కాదు, నా బస్సులో," అంది భార్య. "దీనికి టికెట్ కూడా కొట్టాను."

"పెచ్చులూడిన ఆ కాలేజీకి నా కూతుర్ని పంపను. మీకేం తెలుసు?" ఆయన గొంతు పెరిగి, ఉన్నట్టుండి తగ్గింది. "అద్దాల కాలేజీ క్యాంటీన్ కాటా పదేళ్ళుగా నేనే చూస్తున్నా. ప్రతిసారీ వెనక గేటే. సంచీ విప్పితేగాని వాచ్‌మన్ వదలడు. ఒక్కసారి... ఒక్కసారి నీ తండ్రిగా ముందు గేట్లోంచి వెళ్దామనుకున్నా."

చిట్టి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"గేటు కోసం పన్నెండు లక్షలు ఎక్కువ కడదామా నాన్నా? ఆ అప్పు మెడ మీదుంటే ఎలాంటి ఉద్యోగాన్నయినా పట్టుకుని వేలాడాలి. నచ్చిన పని చేసే ధైర్యం నాకెక్కణ్ణుంచి వస్తుంది?"

మేస్త్రి నోటుపుస్తకం లాక్కున్నాడు. కూతురి లెక్కనైనా ఆయన ఊరికే నమ్మడు. వేలు పెట్టి ఒక నంబరు ఎంచి తానే ఫోన్ చేశాడు.

"బాబూ, అద్దాల కాలేజీలో చదివావా? ఉద్యోగం ఎక్కడ?"

"ఇంకా వెతుకుతున్నానండీ. తొమ్మిది నెలలైంది. ఎవరికైనా సీటు కోసమా? మా నాన్న నా ఫీజుకి లారీ అమ్మేశాడు. ఇప్పుడు ఆ లారీకే డ్రైవరు."

మేస్త్రి ఫోను మెల్లగా కింద పెట్టాడు. రంగు కాగితాన్ని తీసి, మడతపెట్టి, ఊగుతున్న బల్లకాలు కింద తోశాడు. బల్ల కదలడం మానేసింది.

"సర్కారు కాలేజీలో చేరడానికి చివరి రోజెప్పుడు?"

"ఇవాళే. పన్నెండు లోపు."

"ముందే చెప్పవేం మరి? లే, లే!"

భార్య అప్పటికే గుమ్మం దాటింది. "నా బస్సు ఎనిమిది నలభైకి. మీకోసం ఆపను."

ఆపలేదు కూడా. తండ్రీకూతుళ్ళు పరుగున వచ్చి ఎక్కారు, రొప్పుతూ, నవ్వుతూ. ఆమె ఇద్దరికీ టికెట్లు కొట్టి, చిల్లర లెక్కపెట్టి మరీ ఇచ్చింది.

సర్కారు కాలేజీకి ఉన్నది ఒకటే గేటు. అలవాటు కొద్దీ మేస్త్రి వాచ్‌మన్ ముందు ఆగి, భుజం మీది సంచీ దించి మూతి విప్పబోయాడు.

"సంచీ ఎందుకండీ విప్పుతున్నారు? ఏం పని మీద వచ్చారు?"

మేస్త్రి పక్కనున్న కూతురి వైపు చూశాడు.

"ఈ పిల్ల తండ్రిని," అన్నాడు.

"అయితే లోపలికి రండి సార్."