గార్నెట్ గొంతు

తొమ్మిదో రాత్రి పాటలు, డొమినో ఆటలు ముగిసి జనం వెళ్ళేసరికి తెల్లారింది. వేయించిన చేపల వాసన, రమ్ము వాసన పెరట్లోంచి ఇంకా పోలేదు. జసింత్ పొద్దుటినుంచీ కుళాయి దగ్గర ఎనామిల్ గ్లాసులు కడుగుతూనే ఉంది. మొగుడు పోయిన ఈ తొమ్మిది రోజుల్లో ఆమెకి తెలిసొచ్చింది ఒకటే. ఏడవడానికి వీధంతా వస్తుంది, గ్లాసులు మాత్రం పెళ్ళామే కడగాలి.

అత్తగారు మిస్ ఐవీ గదిలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చింది. నిన్న సాయంత్రమే మంచాన్ని కిటికీ కిందికి జరిపించింది, బీరువాని ఎదురు గోడకి చేర్పించింది, అద్దాన్ని వెనక్కి తిప్పింది. పోయినవాడు తొమ్మిదో రాత్రి తన గది వెతుక్కుంటూ వస్తాడు. గది ఆనవాలు దొరక్కపోతే తన దారిన తాను పోతాడు. కింగ్‌స్టన్‌లో ఈ సంగతి ఎరగని ఇల్లు లేదు.

"రాత్రంతా కూర్చున్నాం, రాలేదు. ఇక రాడులే," అంది మిస్ ఐవీ.

"ఆయన బతికుండగా ఆ గదిలో చీపురు పుల్ల కూడా కదపలేదు కదత్తా మీరు. పోయాక ఎంత ముచ్చటగా సర్దారో."

"ఆ నోరు చూసే వాడు నిన్ను కట్టుకున్నాడు. సరేగానీ, లోపల ఎర్ర లంగా కట్టుకున్నావా?"

పోయిన మొగుడు పక్కలోకి రాకుండా విధవలు ఎరుపు కట్టుకోవాలి. జసింత్ గ్లాసు బోర్లించింది.

"చచ్చాక కూడా హక్కు వదులుకోరా మగవాళ్ళు?"

"హక్కు కాదే పిచ్చిదానా, అలవాటు." ముసలామె గొంతు తగ్గింది. "నా భయం నీ గురించి కాదు. శవపెట్టె మూసేముందు పిల్లని దాని మీదుగా చేతులు మార్చి దాటించమన్నాను. వినలేదు నువ్వు. అంత ప్రేమున్న తండ్రి ఒక్కడే పోలేడు."

"నా కూతురు మూటా, చేతులు మార్చడానికి?"

మిస్ ఐవీ అరువు తెచ్చిన బెంచీలు అప్పజెప్పడానికి చర్చికి బయల్దేరింది.

గార్నెట్‌కి ముప్పై మూడేళ్ళు. రాత్రి డాన్సుల్లో, రికార్డింగు గదుల్లో మిక్సర్ ముందు కూర్చుని ధ్వని సరిచేసేవాడు. తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే మధ్యాహ్నం మూడింటికి లేచేవాడు. ఏ కొత్త గదిలోకెళ్ళినా ముందు ఒక్క చప్పట కొట్టి, తల పక్కకి వంచి వినేవాడు. ఆ ఒక్క చప్పుడుతో గోడ ఎక్కడుందో, బల్ల ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కాన్పు గదిలోనూ కొట్టాడు. నర్సు తిట్టింది. "కోప్పడకమ్మా, నా పిల్ల మొదటి ఏడుపు ఈ గదిలో ఎలా వినపడుతుందో చూసుకోవద్దా," అన్నాడు. ఆ పిల్లకి తనే స్నానం చేయించేవాడు, తనే జడలు అల్లేవాడు. పాపిళ్ళన్నీ వంకరే. నాలుగేళ్ళ ఒనీకా ఆ వంకర తలనే వీధంతా తిప్పి చూపించుకొచ్చేది. మగవాడు ఇంత చేస్తే వీధి నవ్వింది. జసింత్ మాత్రం ఆ నవ్వులన్నీ పోగేసుకుని అతన్ని ఇంకాస్త ప్రేమించింది.

వానలో పాటగాళ్ళందరినీ వేదిక మీంచి దింపేశాక, తడిసిన వైర్లు తీస్తూ కరెంటు కొట్టి పోయాడు. వేదిక మీద మిగిలిన చివరివాడు అతనే.

నిన్న ఒనీకా అడిగింది. "నాన్న ఎలా మాట్లాడతాడమ్మా? నాకు గుర్తు రావట్లేదు."

అప్పట్నుంచీ తీరిక దొరికినప్పుడల్లా జసింత్ అతని క్యాసెట్లు వింటోంది. మూడు అట్టపెట్టెలు. వాటిలో ఊరందరి గొంతులూ ఉన్నాయి. అతనిది లేదు. తన మాట పడితే అక్కడికక్కడే చెరిపేసేవాడు. "పాటలో నా గొంతెందుకు, అన్నంలో రాయిలా," అనేవాడు. ఒక్క మాట దొరికితే చాలు. పిల్లకి దాచిపెట్టడానికి ఒక్క మాట.

భోజనమయ్యాక పిల్లని గదిలో పడుకోబెట్టి, వరండాలో క్యాసెట్ పెట్టె ముందు కూర్చుంది. మబ్బు పట్టింది. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. తడి మట్టి వాసన లేచింది. దాని వెనకే ఇంకో వాసన... కాలిన టంకం వాసన. వైర్లు అతికిన రోజుల్లో అతని వేళ్ళకి ఉండే వాసన.

చర్చి గంట మూడు కొట్టింది.

లోపల ఒక చప్పట వినిపించింది.

కిటికీ రెక్క అనుకుంది. మళ్ళీ వినిపించింది. రెక్క అలా మోగదు. రెండు అరచేతులు. మధ్యలో ఆగడం... వినడం...

జసింత్ గుమ్మం దగ్గరకెళ్ళింది. కిటికీ కింద మంచం మీద ఒనీకా బోర్లా పడి నిద్రపోతోంది. గదిలో ఇంకెవరూ లేరు. చప్పట ఈసారి మంచం ఉండాల్సిన గోడ దగ్గర మోగింది. తర్వాత మూల. తర్వాత బీరువా పక్కన. ప్రతిసారీ కాస్త తొందరగా. కాస్త గాభరాగా.

అప్పుడర్థమైంది. అర్ధరాత్రి ఎందుకొస్తాడు? అర్ధరాత్రి అతనికి పని వేళ. ఇది అతను లేచే వేళ. లేచాడు. ప్రపంచంలో ప్రతి గదినీ చెవితో చదివినవాడు, తన గదిలో తప్పిపోయాడు.

ఆమెకి భయం వెయ్యలేదు. గుండె పగిలింది.

క్యాసెట్ పెట్టె తెచ్చి నేల మీద పెట్టి, రికార్డు మీట నొక్కింది.

"గార్నెట్... గది ఇదే. మీ అమ్మ మార్చింది. ఉండు."

పిల్ల పడుకున్న మంచాన్ని అలాగే పట్టి పాత గోడకి లాగింది. పిల్ల కదల్లేదు. భుజం పెట్టి బీరువాని నెట్టింది. గోళ్ళు విరిగాయి. అద్దాన్ని ఇటు తిప్పింది, అందులోకి చూడకుండా.

"ఒక్క మాట మాట్లాడు. పిల్ల నీ గొంతు మర్చిపోతోంది."

ఒకే ఒక్క చప్పట... మంచం పక్కనే. నిదానంగా. తర్వాత ఏమీ లేదు. టంకం వాసన వానలో కరిగిపోయింది.

క్యాసెట్ వెనక్కి తిప్పి మొదట్నుంచీ పెట్టింది. వాన చప్పుడు. తన మాట. మంచం కాళ్ళు నేలని గీరిన చప్పుడు. చప్పట్లు ఒక్కటీ పడలేదు. అతని గొంతూ లేదు.

క్యాసెట్ పెట్టె ఆపబోయింది.

"ఊఁ," అంది టేపులో ఒనీకా.

నిద్రలో నోరు తెరవని పిల్ల. ఆ సేపంతా తన కళ్ళ ముందే పడుకున్న పిల్ల.

"లేదు నాన్నా, నిద్ర రావట్లేదు... ఎంత దూరం?... నడవగలను..." ప్రతి మాటకీ మధ్య ఒక ఖాళీ. ఒక మనిషి మాట పట్టేంత ఖాళీ. "ఏమో. అమ్మనడుగు."

చాలాసేపు వాన మాత్రమే వినిపించింది.

తర్వాత టేపులో జసింత్ గొంతే, అలిసిపోయి, దగ్గరగా, స్పష్టంగా పలికింది. ఆమె ఎన్నడూ అనని మాట.

"సరే. తీసుకెళ్ళు."

వెనక మంచం కిర్రుమంది. జసింత్ తిరిగి చూసింది. ఒనీకా అంచున కూర్చుంది. కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. ఒక కాలు కిందికి జార్చి, మంచం కింద బూట్ల కోసం తడుముతోంది.